ఎండలో నిలబడే మాట

ఈ వారం వీడియోలో టెక్కలి దగ్గర రవివలస ఎండల మల్లికార్జున స్వామిని దర్శించుకున్నారు కదా. స్వామికి పైకప్పు లేదు, ఎండైనా వానైనా అలాగే ఉంటాడు. వీడియోలో టైమ్ చాలక వదిలేసిన మాట ఒకటి ఇక్కడ రాస్తున్నా.

షూటింగ్ అయ్యాక ఉద్దానంలో మా మావయ్య ఇంటికెళ్లా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి వాళ్ల జీడితోట దాదాపు మొత్తం పడిపోయింది. మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. పిక్కలు అమ్మిన డబ్బు ఇంట్లో ఉంది.

"ఒరే, నువ్వు కంప్యూటరోడివి కదా, ఆ బిట్‌కాయిన్ ఏటో సూడ్రా. ఏడాదిలో మూడింతలవుద్దని ఫోన్లో ఓ పెద్దాయన సెప్తన్నాడు."

ముందు నా కథే చెప్పా. 2021 నవంబరులో బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దాకా వెళ్లింది. లక్ష ఖాయమని ఒకాయన అంటే నమ్మి బోనస్ మొత్తం పెట్టా. ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గరకొచ్చింది, భయపడి అమ్మేశా. అమ్మకి ఇంకా చెప్పలేదు. (ఈ పోస్టు చదివితే తెలిసిపోతుంది!)

టిమ్ డ్రేపర్ అని అమెరికాలో పెద్ద ఇన్వెస్టర్. 2022 కల్లా రెండున్నర లక్షల డాలర్లవుతుందని 2018లో చెప్పారు. గడువు దాటింది, ఆయన తేదీ ముందుకు జరిపారు. 2024 డిసెంబరులో లక్ష దాటిన మాట నిజమే. కానీ వడ్డీకి తెచ్చి పెట్టినవాడు అప్పటిదాకా ఆగగలడా? ఇంకోటి, ఆయన 2014లోనే ప్రభుత్వ వేలంలో దాదాపు 30 వేల బిట్‌కాయిన్లు కొనుక్కున్నారు. దాచిందేమీ లేదు, బహుశా మనస్ఫూర్తిగానే నమ్మారు. అయినా సరుకు ఆయన గోడౌన్లో ఉంది.

"మావయ్యా, పిక్కలు కొనడానికొచ్చినోడు 'వచ్చే వారం రేటు పడిపోద్ది' అంటే నువ్వేం చేస్తావు?"

నవ్వాడు. "ఆడు కొనీవోడు కదరా, అలాగే అంటాడు."

అప్పుడు నాకు సుషేణుడు గుర్తొచ్చాడు. ఆయన తపస్సు చేసింది రవివలసలోనే అని స్థలపురాణం. రామాయణ యుద్ధంలో లక్ష్మణుడు పడిపోతే, రాముడంతటివాడు ఆశ వదులుకుని ఏడుస్తున్నాడు. సుషేణుడు దగ్గరికెళ్లి ముఖం రంగు చూశాడు, ఊపిరి చూశాడు, బతికే ఉన్నాడన్నాడు. ఏ కొండ మీద ఏ మందు మొక్క ఉందో హనుమంతుడికి చెప్పాడు. హనుమంతుడు గుర్తుపట్టలేక శిఖరాన్నే తెచ్చాడు. సుషేణుడు ఆ మొక్క తనే ఏరి, తనే నూరి, తనే వాసన చూపించాడు. రోగి ఎదురుగా ఉన్నాడు, రాముడు పక్కనే ఉన్నాడు. మాట తప్పితే తేదీ మార్చి తప్పించుకునే దారి ఆయనకి లేదు.

తర్వాత మేమిద్దరం ఆ ఫోన్ పెద్దాయన పాత వీడియోలు వెతికాం. పోయినేడాది చెప్పిన రేట్ల వీడియో ఒక్కటీ కనిపించలేదు. మావయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి డబ్బు లెక్కపెట్టడం మొదలెట్టాడు, ఎరువుల కొట్టులో బాకీ ఉందట.