క్రీడాస్థలమున లింగధారి

ఉద్దానపు తీరమున తెల్లవారుజామున బాలురు ఇసుకలో పరుగెత్తుదురు. పలాస, టెక్కలి వైపు భక్తుల యిండ్లలో శిక్షణవేళయు, లింగపూజావేళయు నొక్కటియై తగవు పుట్టుచున్నది. "ఆటయా, పూజయా?" అని తండ్రి గద్దించును. బాలుడు తల వంచుకొని ఆటకే పోవును.

బాలుని తొందరపడి దూషింపరాదు. దేహమునందే యిష్టలింగమును నిలిపిన బసవేశ్వరుని మార్గమున ఆ దేహమును బలపరచుట దోష మెట్లగును? ఆమదాలవలస ప్రాంతమున పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సున మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. దినము తప్పని సాధన లేనిదే అంత బరువు లేవదు. పూజకును కావలసినది ఆ నియమమే. కబడ్డీ పట్టులో లింగము జారునను తల్లి భయము మాత్రము సహేతుకము. శివదారము గట్టిగా నుండవలెను; సందేహమున్నచో గురువు నడుగవలెను, ఆట మాన్పింపరాదు.

బసవపురాణమున గొడగూచి శివునకు పాలు గొనిపోయినది తండ్రి నిత్యము చేయు సేవను ఆతని మాటపై కొనసాగించుటకే కదా! నేడు పూజ తల్లికి విడిచి గద్దింపు మాత్రము తండ్రి యుంచుకొనుచున్నాడు. జీడిపప్పు బట్టీకి పోవువాడైనను అర్ధగంట ముందు లేచి, కుమారుని ప్రక్కన కూర్చుండి, కరస్థలమున లింగము నుంచుకొన్నచో, బాలుడు విభూతి చెమర్చకముందే ఆటస్థలమునకు వేళకు చేరును.