పొద్దు తగ్గాకే పూత

పెరట్లో తీగలు పెంచేవాళ్లెవరినైనా అడగండి, చిక్కుడంత మొండిది ఇంకోటి లేదంటారు. మిర్గం కార్తె రాగానే, అంటే జూన్ రెండో వారంలో, తొలకరి తడికి బీర, కాకర, చిక్కుడు ఒక్కరోజే విత్తుతాం. బీర నెలన్నరకల్లా పసుపు పూలు పూస్తుంది. కాకర వెనకే అందుకుంటుంది. చిక్కుడు మాత్రం పందిరెక్కి, ఆపైన గోడెక్కి, ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది. వినాయక చవితి దాటిపోతుంది. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మను సాగనంపి వస్తాం. అప్పటికీ పూత జాడ ఉండదు. ఎరువు వేస్తే ఇంకా ఆకే.

హన్మకొండలో మా వెనకింటి అవ్వ ఓసారి గోడ మీదుగా చూసి అంది: "నీ ఆరాటానికి అది పూస్తదా బిడ్డా? పొద్దు తగ్గనియ్యి."

అవ్వకు అనుభవం చెప్పినదాన్నే శాస్త్రం వేరే దారిలో కనుక్కుంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నర్, అలార్డ్ 'మేరీలాండ్ మామత్' అనే పొగాకు రకాన్ని పరిశీలించారు. ఎండాకాలంలో మనిషిని మించి పెరిగినా పూయని ఆ మొక్క, చలికాలంలో గాజు గదిలో చిన్నగా ఉండగానే పూసింది. తేడా అంతా పగటి నిడివిలో ఉందని 1920లో వాళ్లు ప్రకటించారు. 1938లో హామ్నర్, బానర్ ఇంకాస్త ముందుకు వెళ్లారు. ఇలాంటి మొక్కలు అసలు కొలిచేది తెగకుండా సాగే చీకటిని అని తేల్చారు. మన నాటు చిక్కుడు, చామంతి ఈ కోవవే. వరంగల్‌లో ఏడాది మొత్తం మీద అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా దాదాపు రెండు గంటలే. మనం గమనించను కూడా గమనించం. చిక్కుడు లెక్క తప్పదు.

మన లెక్కలన్నీ పగటివే. చదువు, ఉద్యోగం, ఇంటి అప్పు, పిల్లల ఫీజులు... ముప్పైలు, నలభైలు ఆకు వేయడంతోనే గడిచిపోతాయి. యాభై దగ్గరపడేసరికి చీకటి కొద్దికొద్దిగా దగ్గరికి జరుగుతుంది. అక్షరాలు మసకేస్తాయి. మోకాలు మెట్లను లెక్కపెడుతుంది. అమ్మానాన్నల తరం వాళ్ల ఫోన్ నంబర్లు ఒక్కొక్కటే మూగబోతాయి. ఇవన్నీ నష్టాలే, కాదనను. కానీ మనలో కొన్నింటికి పూతవేళ అయిందని చెప్పేది కూడా ఈ చీకటేనేమో. కన్నతండ్రిని అర్థం చేసుకోవడం, వాదన గెలవకుండానే లేచి రావడం, బాధలో ఉన్నవాళ్ల పక్కన సలహా ఇవ్వకుండా కూర్చోవడం, ఇవేవీ ముప్పైలో నాకు చేతకాలేదు.

ఇది ఉత్త ఓదార్పుగా మిగిలే ప్రమాదం లేకపోలేదు. తోట దానికి ఒప్పుకోదు. ఆగస్టు చివర విత్తిన చిక్కుడూ ఇంచుమించు అదే రోజుల్లో పూస్తుంది. కాకపోతే తీగ చిన్నది, కాయ తక్కువ. వయసు అందరికీ వస్తుంది, దాని వెంట పక్వత కూడా వస్తుందన్న హామీ లేదు. ఎంత కాస్తుందో తేల్చేది పూతలేని ఆ నెలలే. ఇంకా పూయలేదని మనం బెంగపడే కాలంలో తీగ చేస్తున్న పని అదే.

వీధిదీపం పక్కనున్న చేనులో, మిగతా సోయా పండి ఎండినా ఆ వెలుగు పడిన మేర పైరు పచ్చగానే నిలబడి ఉంటుంది. రాత్రంతా వెలుతురు పడితే మొక్కకు కాలం తెలియదు. మా పందిట్లోనూ కరెంటు స్తంభం వైపు కొస ఆలస్యంగా పూస్తుంది. వయసు మీద మనమూ ఇలాంటి దీపాలు వెలిగించుకుంటాం. జుట్టుకు రంగేసుకోవడం తప్పని కాదు, నేనూ వేసుకుంటాను. పాతికేళ్లనాటి పోటీని, పరుగును, అలకను కూడా అదే సీసాలోంచి తీసి పూసుకుంటేనే చిక్కు.

పగటి నిడివితో పనిలేని చిక్కుడు లేదా అంటే ఉంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క జయ్, అర్క విజయ్ అనే పొట్టి రకాలను తయారుచేసింది. వాటికి పందిరి అక్కర్లేదు, కాలంతో పేచీ లేదు. అమ్మకానికి పండించే రైతుకు అవి మేలు. నా పెరటికి మాత్రం కాలం తెలిసిన తీగే కావాలి.

కార్తీకంలో ఊదా పూల గుత్తులు లేస్తాయి. వెనకే పేనుబంక దిగుతుంది. బూడిద చల్లుతాం, అక్షింతల పురుగులొచ్చి కొంత తింటాయి, కొన్ని గుత్తులు ఎలాగూ పోతాయి. సంక్రాంతికి ఇంటికి సరిపోయి, గోడవతలకూ అందించేన్ని కాయలుంటాయి. రథసప్తమినాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం కడతాం, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నివేదిస్తాం. పొద్దు తగ్గినందుకు కాసిన కాయలు, పొద్దు పెరిగేవేళ ఆయన ముందుకే వెళ్తాయి. తర్వాత ఎండ ముదిరి తీగ వడలుతుంది. ముదురు కాయలు విత్తనానికి దాచి, మిగతాది పీకేస్తాం.

పూతకాలాన్ని మనం తేలేం, ఆపలేం. మన చేతిలో ఉన్నది పందిరి ఒక్కటే. దాన్ని తీగ బరువెక్కకముందే వేసుకోవాలి. నా వయసువాళ్లకు ఆ పందిరి పెద్ద తాత్విక విషయమేమీ కాదు. రోజూ కాస్త నడక, చెప్పాపెట్టకుండా తలుపు తట్టగలిగే ఇద్దరు స్నేహితులు, జీతంతో సంబంధం లేని ఒక పని. అరవై దాటాక గుంజలు పాతుకుందామంటే నేల గట్టిపడి ఉంటుంది.