చిట్టీ పాటలో మిగిలిన సొమ్ము ఎవరిది?

సంపాదించడం ఎంత అవసరమో, సంపాదించినదాన్ని నిలబెట్టుకోవడమూ అంతే అవసరం. ఈ మాట అనగానే కొందరు ధార్మిక సోదరులు నొసలు చిట్లిస్తారు. రేపటి కోసం దాచుకోవడం తవక్కుల్‌కు, అంటే అల్లాహ్‌పై ఉంచవలసిన భరోసాకు విరుద్ధమని వారి అభిప్రాయం. ఈ అభిప్రాయానికి షరీఅత్‌లో ఆధారం లేదు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు రాజు కలకు భావం చెప్పినప్పుడు, పంట పుష్కలంగా పండే ఏడేళ్ళలో తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగతాదంతా కంకుల్లోనే ఉంచి దాచమని సలహా ఇచ్చారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) బనూ నజీర్ తోటల ఆదాయంలో నుంచి తమ ఇంటివారికి ఏడాదికి సరిపడే ఆహారాన్ని తీసి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) చేసిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి, తన ఆస్తిలో మూడింట రెండు వంతులు దానమిస్తానన్నప్పుడు ప్రవక్త (స) అందుకు ఒప్పుకోలేదు. మూడో వంతే ఎక్కువన్నారు. వారసులను నలుగురి ముందు చేయి చాపే స్థితిలో వదిలి వెళ్ళడం కన్నా కలిగినవారిగా వదిలి వెళ్ళడం మేలని ఆయనకు నచ్చజెప్పారు.

కనుక పొదుపు చేయవచ్చా, కూడదా అన్నది మన ముందున్న ప్రశ్న కాదు. మనం దాచిన డబ్బు ఎవరి జేబులోంచి పెరుగుతోంది అన్నదే ప్రశ్న. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో జుమా నమాజ్ తర్వాత ఉలమాను తరచుగా అడిగే మస్అలా ఒకటుంది: “మౌలానా సాబ్, చిట్టీ వేయవచ్చా?” దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పి పంపిస్తే అడిగినవారికి న్యాయం జరగదు.

మన ప్రాంతపు ముస్లిం కుటుంబాల్లో నెల మొదటి తారీఖున జీతం చేతికొచ్చే ఇళ్ళు తక్కువ. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీ పని, కోదాడ హైవే పక్కన పంక్చర్ షాపు, వెల్డింగ్, సూర్యాపేట మార్కెట్ దగ్గర పండ్ల బండి, కుట్టుమిషను, ఆటో, ఇవీ మన జీవనాధారాలు. వీటిలో చాలా వాటికి సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో సంబంధం ఉంది. వానాకాలం ధాన్యం, యాసంగి ధాన్యం మిల్లులకు చేరే నెలల్లో బజారులో డబ్బు ఆడుతుంది. మిగతా నెలలు బిగువుగా గడుస్తాయి. హజ్రత్ యూసుఫ్ (అలై) ఏడేసి సంవత్సరాలకు చెప్పిన సంగతి మనకు ప్రతి ఏటా ఎదురవుతుంది. సీజనులో వచ్చిన కూలి డబ్బు ఆ నెలలోనే కరిగిపోతే, తర్వాతి నెలలో నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవలసి వస్తుంది. ఇక దుబారా సంగతి అందరికీ తెలిసిందే. రోజుకు 30 రూపాయల సిగరెట్లు కాల్చేవాడు ఏడాదికి 10,950 రూపాయలు తగలేస్తున్నాడు. వలీమా విందుల లెక్క అడగకపోవడమే మేలు. దుబారా మానిన తర్వాత చేతిలో మిగిలేది ఎక్కడ పెట్టాలి? అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

చిట్టీని ప్రజలు ఇష్టపడటానికి గట్టి కారణమే ఉంది. ఇంట్లో ఉన్న డబ్బు నిలవదు. చిట్టీ ఉంటే నెల నెలా తప్పనిసరిగా కట్టాలి, కట్టకపోతే నలుగురిలో పరువు పోతుంది. ఆ సిగ్గే పొదుపు చేయిస్తుంది. ఇందులో చెడు ఏమీ లేదు. చెడు ఎక్కడ చేరుతుందో తెలియాలంటే లెక్క వేసి చూడాలి.

ఇరవై మంది, నెలకు 5,000 చొప్పున, ఇరవై నెలల చిట్టీ అనుకుందాం. మొత్తం లక్ష రూపాయలు. రెండో నెలలో ఒక సోదరునికి కూతురి పెళ్ళో, ఆసుపత్రి ఖర్చో వచ్చింది. అదే నెలలో మరొకరికీ అవసరముంది. ఇద్దరూ పోటీపడి పాడతారు. చివరికి మొదటి వ్యక్తి 28,000 వదులుకుని 72,000కు చిట్టీ ఎత్తుకుంటాడు. ఆ 28,000లో నుంచి చిట్టీ నడిపేవారు తమ కమీషనుగా 5,000 తీసుకుంటారు. మిగిలిన 23,000 ఇరవై మందికి పంచితే తలా 1,150 వస్తుంది. ఆ నెల అందరూ 5,000కు బదులు 3,850 కడితే చాలు. “ఈసారి పాట బాగా పోయింది” అని సంతోషిస్తారు. ఈ మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలుగా వినబడుతుందో ఆలోచించండి. పాట బాగా పోవడమంటే ఒకని అవసరం ఎక్కువగా ఉండటమే.

ఇరవై నెలల మీద సగటున నెలకు 16,000 పాటలో పోయిందనుకుంటే, కమీషను పోను ఒక్కొక్కరికి మొత్తం 11,000 తగ్గింపు వస్తుంది. అంటే ప్రతి ఒక్కరూ కట్టేది 89,000. రెండో నెలలో ఎత్తుకున్న వ్యక్తి 72,000 తీసుకుని 89,000 కడతాడు. చివరిదాకా ఆగిన వ్యక్తి కూడా 89,000 కట్టి, కమీషను పోను 95,000 తీసుకుంటాడు. అవసరంలో ఉన్నవాడు 17,000 పోగొట్టుకున్నాడు. అవసరం లేనివాడు 6,000 సంపాదించాడు. చిట్టీ నడిపినవారికి ఇరవై నెలల్లో లక్ష రూపాయలు ముట్టాయి. షరీఅత్ దృష్టిలో చిట్టీ కట్టడమంటే సభ్యులు ఒకరికొకరు అప్పు ఇచ్చుకోవడమే. అప్పు ఇచ్చి, ఆ అప్పు కారణంగా ఇచ్చినదాని కన్నా ఎక్కువ తీసుకుంటే దాన్నే రిబా అంటారు. దానికి తగ్గింపు అనీ, డివిడెండ్ అనీ, లాభం అనీ పేర్లు పెట్టినంత మాత్రాన స్వభావం మారదు. అందుకే ఉలమా పాట చిట్టీని నాజాయిజ్ అన్నారు.

“అతను తన ఇష్టంతోనే పాడాడు కదా, ఎవరూ బలవంతం చేయలేదు” అని కొందరు వాదిస్తారు. దీన్ని తేలికగా కొట్టేయకూడదు. వ్యాపారంలో ఉభయుల సమ్మతి తప్పనిసరి అని ఖుర్ఆనే బోధించింది. కానీ సమ్మతి ఉంటే చాలు, ఏ ఒప్పందమైనా హలాల్ అవుతుందని బోధించలేదు. వడ్డీకి అప్పు తెచ్చే ప్రతివాడూ సమ్మతితోనే సంతకం పెడతాడు. 2024 ఆగస్టు చివరిలో కురిసిన భారీ వర్షాలకు కోదాడలో వీధులు, ఇళ్ళు, దుకాణాలు నీట మునిగాయి. సెప్టెంబరు 1న నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకే గండి పడింది. అలాంటి నెలలో దుకాణం సరుకంతా తడిసిపోయినవాడు చిట్టీ పాటకు వచ్చి కూర్చుంటే, అతని నోటి నుంచి వెలువడే అంకెను ఇష్టం అందామా? అతడు పాడుతున్నది తన కష్టాన్ని. మిగతావారు ఎదురుచూస్తున్నది అతడు ఇంకా ఎంత దిగుతాడోనని. వారిలో చెడ్డవారు ఎవరూ లేకపోవచ్చు. వరద రోజున అదే మనుషులు అతని ఇంటికి అన్నం పొట్లాలు పట్టుకెళ్ళి ఉండవచ్చు కూడా. పద్ధతి మాత్రం వారిని అతని నష్టంలో వాటాదారులను చేసింది.

దైవప్రవక్త (స) కూడా ఒకసారి వేలంపాట వేశారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సునన్ అబూ దావూద్‌లో ఉంది. ఒక అన్సారీ సహాయం అడగడానికి వచ్చారు. ఇంట్లో ఏమైనా ఉందా అని ప్రవక్త (స) అడిగారు. కొంత పరచుకుని కొంత కప్పుకునే ఒక ముతక గుడ్డ, నీళ్ళు తాగే ఒక పాత్ర, అంతే ఉన్నాయి. వాటిని తెప్పించి, తమ చేతిలోకి తీసుకుని, వీటిని ఎవరు కొంటారని అడిగారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తానన్నారు. అంతకన్నా ఎక్కువ ఎవరిస్తారని రెండు మూడు సార్లు అడిగారు. మరొకరు రెండు దిర్హమ్‌లు ఇచ్చి తీసుకున్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి ఆహారం కొనమని, రెండో దిర్హమ్‌తో గొడ్డలి కొని తెమ్మని చెప్పి, దానికి స్వయంగా పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకోమని పంపారు. పదిహేను రోజుల తర్వాత ఆ అన్సారీ పది దిర్హమ్‌లతో తిరిగి వచ్చారు.

అదీ పాటే, ఇదీ పాటే. అక్కడ లేనివాని కోసం ధర పైకి వెళ్ళింది. ఎక్కువ ఇచ్చినవారి డబ్బు అవసరంలో ఉన్నవాని చేతికి చేరింది. ఇక్కడ లేనివాని మొత్తం కిందికి దిగుతుంది. అతడు వదులుకున్నది ఉన్నవారి చేతికి చేరుతుంది. ఆ హదీసులో మరో విషయం కూడా గమనించదగినది. రెండు దిర్హమ్‌లూ తినడానికి ఇవ్వలేదు, రెండూ దాచమనీ అనలేదు. ఒకటి పూటకు, మరొకటి పనిముట్టుకు. ఆదాయం పెంచుకునే మార్గం ఇందులోనే ఉంది. నెలకు కొంత మిగుల్చుకున్న దర్జీ రెండో మిషను కొనాలి, వెల్డింగ్ పనివాడు సొంత యంత్రం కొనుక్కోవాలి. మన పొదుపులో ఎంత భాగం గొడ్డలికి పోతోంది, ఎంత భాగం ఫంక్షన్ హాలు అద్దెకు పోతోంది?

డబ్బుతోనే డబ్బు తెచ్చుకోవాలన్న ఆశ మరో ప్రమాదానికి దారి తీసింది. 2018 అక్టోబరులో హీరా గ్రూపు అధిపతి అరెస్టయ్యారు. 2019 జూన్‌లో బెంగుళూరు ఐఎంఏ సంస్థ యజమాని దేశం విడిచి వెళ్ళిపోగా, జూలైలో తిరిగి రాగానే అరెస్టు చేశారు. రెండు సంస్థలూ హలాల్ పెట్టుబడి పేరుతోనే ముస్లింల నుంచి డబ్బు సేకరించాయి. హీరా గ్రూపు ఏడాదికి 36 శాతానికి పైగా రాబడి ఆశ చూపిందని ఆరోపణ. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. కానీ 36 శాతమంటే మన బజారు భాషలో మూడు రూపాయల వడ్డీ. బజారులో మూడు రూపాయలు తీసుకునేవానికి సలాం చెప్పడానికి వెనకాడే మనిషి, అదే మూడు రూపాయలు హలాల్ అని రాసిన కవరులో వస్తే అల్‌హమ్దులిల్లాహ్ అని తీసుకున్నాడు. నిజమైన ముజారబత్‌లో లాభ శాతాన్ని పంచుకోవడం ఉంటుంది, నష్టానికి సిద్ధపడటమూ ఉంటుంది. పెట్టిన మొత్తం మీద నెల నెలా ఇంత అని ఎవరైనా ఖాయం చేసి చెబితే, వారి గడ్డం పొడవు చూసి నమ్మవలసిన పని లేదు.

మరి మార్గం? అది కొత్తగా కనిపెట్టవలసినది కాదు. హిజ్రీ 826లో మరణించిన షాఫియీ పండితులు వలీ అల్ ఇరాఖీ కాలంలోనే స్త్రీలు ప్రతి వారమో, ప్రతి నెలో తలా కొంత వేసుకుని, ఆ మొత్తాన్ని వంతుల ప్రకారం ఒక్కొక్కరికి ఇచ్చుకునే అలవాటు ఉంది. వారు దాన్ని జాయిజ్ అన్నారు. హిజ్రీ 1410లో సౌదీ అరేబియా ఉలమా మండలి కూడా ఉద్యోగులు జీతంలో నుంచి వేసుకునే ఇలాంటి కమిటీని ఆమోదించింది. పాట ఉండదు, తగ్గింపు ఉండదు. లక్ష కట్టేవారికి లక్ష వస్తుంది. వంతు చీటీ తీసి నిర్ణయించుకోవచ్చు, సంప్రదింపులతోనూ నిర్ణయించుకోవచ్చు. అయితే చీటీలో పేరు వచ్చినవారు మిగతా నెలలు కట్టనక్కరలేదనే ‘లక్కీ’ స్కీములతో దీన్ని కలపకండి. అది జూదం.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, అది న్యాయమైన ప్రశ్నే. లాభం లేకుంటే చివరి వంతు ఎవరు ఒప్పుకుంటారు? ఇరవై నెలల తర్వాత లక్ష విలువ ఈనాటి లక్ష విలువతో సమానం కాదు కదా? కాదు. చివర ఆగినవారు కొంత కోల్పోతారు. ఆ కోల్పోయేదే ఖర్జె హసన. ఏమీ కోల్పోకుండా ఇచ్చేటట్లయితే దానికి అల్లాహ్ వద్ద అంత ప్రతిఫలం వాగ్దానం చేయబడేది కాదు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వీలు చిక్కేదాకా గడువు ఇవ్వమని, వదిలేస్తే మరీ మేలని సూరా బఖరా 280వ ఆయత్ బోధిస్తుంది. పెద్ద స్థాయిలో కూడా ఇది సాధ్యమే. దేవబంద్‌లో 1961లో మొదలైన ముస్లిం ఫండ్ ప్రజల డిపాజిట్లతోనే నగలపై వడ్డీలేని అప్పులు ఇస్తూ వచ్చింది. బ్యాంకు ఖాతా విషయానికొస్తే, భద్రత కోసం పెట్టుకోవచ్చు. జమ అయ్యే వడ్డీని పుణ్యం ఆశించకుండా బీదలకు ఇచ్చివేయాలని ఉలమా చెబుతారు.

కమిటీ వేసేవారు కొన్ని విషయాలు ముందే మాట్లాడుకోవాలి. మొత్తం చిన్నదిగా, మనుషులు తెలిసినవారుగా ఉండాలి. చిట్టీలకు రిజిస్ట్రేషను ఉండాలన్న చట్టం పాట లేని కమిటీకి ఎంతవరకు వర్తిస్తుందో తెలిసిన వకీలును అడగాలి. అప్పు రాసుకోమన్న ఆజ్ఞ పై ఆయత్ తర్వాత రెండో ఆయత్‌లోనే ఉంది కాబట్టి, బావమరిది అయినా సరే రాతపూర్వకంగా ఉండాలి. లెక్కలు రాసేవారికి శ్రమకు తగిన కూలి నిర్ణయించుకోవచ్చు, అది ఎత్తుకునే మొత్తం మీద శాతంగా ఉండకూడదు. వంతు రానివారు అప్పటిదాకా కట్టినది ఇతరుల వద్ద ఉన్న తమ అప్పే. నిసాబ్ ఉన్నవారు జకాత్ లెక్కలో దాన్ని కలపాలి. సభ్యుల్లో ఎవరైనా మరణిస్తే, వంతు రాకముందైతే కట్టినదంతా వారి వారసులది, భార్యకూ కూతుళ్ళకూ షరీఅత్ వాటాల ప్రకారం చేరాలి. వంతు తీసుకున్న తర్వాతైతే మిగిలిన నెలల మొత్తం మయ్యిత్ మీద ఉన్న అప్పు. దాన్ని వారసత్వం పంచకముందే, వసియ్యత్ కన్నా ముందే ఆస్తిలో నుంచి తీర్చాలి. ఈ మాట కాగితం మీద మొదటి రోజే రాసి ఉంటే నలభయ్యో రోజున ఆ ఇంటి గుమ్మం ముందు పంచాయితీ జరగదు.