నెలకు మల్లొస్తవా?

రీలు కెమెరాతో గుట్ట ఎక్కితే చూపు పదునెక్కుతుందంటారు. 120 రీలుకు 12 ఫొటోలే కాబట్టి ప్రతిదానికీ ఆగుతాం, వెలుతురు కోసం కాచుకుంటాం, అదొక నిష్ఠ అంటారు. ఆ నిష్ఠ నాకూ తెలుసు. కానీ దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారన్న అనుమానం నన్ను కొన్నేళ్లుగా వదలడం లేదు.

అది మొదలైంది కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద. కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో అక్కడి బండకు జైన బొమ్మలు చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి. నడినెత్తిన ఎండ ఉంటే అక్షరాలు బండలో కలిసిపోతాయి. ఏటవాలు వెలుతురు పడితేనే గాట్లలో నీడలు నిలుస్తాయి. దాని కోసం కూర్చున్నాను. నా చేతిలో ఉన్నది రెండు లెన్సుల యాషికా, ఒకప్పుడు పెండ్లిళ్లు తీసిన కెమెరా. తల వంచి, పైనున్న అద్దంలోకి చూడాలి.

మేకలు తోలుకుంటూ ఒక తాత వచ్చాడు. ఆ అద్దంలో ఏముందో చూస్తానన్నాడు. అందులో కుడి ఎడమలు తారుమారవుతాయి. తన మేకలు ఇటు నడుస్తుంటే అటు నడుస్తున్నట్టు కనబడి చాలాసేపు నవ్వాడు. తర్వాత బండకు ఆనుకుని నిలబడ్డాడు.

“నాదొకటి తియ్యి బిడ్డా.”

తీశాను.

“ఏదీ, చూపెట్టు.”

“ఇండ్ల కనవడది తాతా. రీలు కడిగియ్యాలె. నెల వడ్తది.”

“నెలకు మల్లొస్తవా?”

వెళ్లాను. నా కంటికి అది మంచి ఫొటో: చట్రం నిండా ముఖం, ప్రతి ముడతా స్పష్టంగా, వెనక బండ మసకగా. ఆయన దాన్ని దగ్గరగా పట్టుకుని, దూరంగా పట్టుకుని చూసి, “మేకలేవి?” అన్నాడు.

ఫోనుతో తీసి ఉంటే ఆ మాట అప్పుడే అనేవాడు. మేకలను దగ్గరకు తోలేవాడు. మనం తెగ నిందించే ఆ తెర, ఫొటోలో ఉన్న మనిషికి ‘ఇట్ల కాదు’ అనే వీలునిచ్చింది. రీలు ఆ వీలును నెలపాటు మూసేస్తుంది. నేను తపస్సు అనుకుంటున్న ఆ ఎదురుచూపు ఆయనకు నోరు మూతపడిన కాలం.

అప్పుడు నాకు ఆదిలాబాద్ అడవులు గుర్తుకొచ్చాయి. 1940లో జోడేఘాట్‌లో, నిజాంపై తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులు చూడమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయి గూడెంలో ఉండి, గుట్టల్లో గూడేలు తిరిగి ఫొటోలు తీశాడు, సినిమా రీళ్లు తీశాడు. ఇప్పుడవి లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలోని మనుషుల్లో ఎంతమంది తమ ముఖం చూసుకుని ఉంటారు? ‘నా ఎడ్లేవి, నా గుస్సాడి ఆట టోపీ ఏది’ అని అడిగేందుకు ఎవరికి వీలు చిక్కింది?

కానీ ఇక్కడ నా వాదం నిలవదు. హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చాడు. 1970లలో వచ్చి చూసి, గిరిజనుల భూములు పరాయి చేతుల్లోకి ఎలా పోయాయో 1982 నాటి పుస్తకంలో రాశాడు. 1987లో భార్య బెట్టీ చనిపోతే సమాధి మార్లవాయిలోనే. తాత నన్ను అడిగిన ప్రశ్నకు అంతకంటే గట్టి జవాబు ఉండదు. పైగా అప్పట్లో ఆయన తీయకపోతే ఆ ముఖాలు మనకెక్కడివి? జవాబు ఇవ్వడం వేరు, మాట వినడం వేరు అని నాకు నేను చెప్పుకుంటాను. అంత ప్రేమ ఉన్న మనిషి వినకుండా ఉంటాడా అని వెంటనే మరో ఆలోచన వస్తుంది. ఇది తెగదు.

జినవల్లభుడికి ఈ చిక్కు లేదు. చెక్కించింది చెక్కించిన చోటే ఉంది. ఊరివాళ్లు ఆ బొమ్మలను బొమ్మలమ్మగా కొలుచుకున్నారు, ఆయన తలపెట్టిన అర్థం పక్కకు పోయింది. ఫొటోకు అలాంటి అదృష్టం పట్టాలంటే అది తీసిన చోటే మిగలాలి. నెగెటివ్ మాత్రం నా బీరువాలో ఉంది.

రీలు వదిలేయలేదు. మీటకు వేలు ఆనించే ముందు, “నీతోని ఇంకేం వడాలె?” అని అడుగుతున్నాను. అడిగితే జనం తల దువ్వుకుంటారు, పిల్లలను పిలుస్తారు, బండి తెచ్చి పక్కన పెడతారు, బిగుసుకుని నిలబడతారు. ఈలోగా నేను కాచుకున్న వెలుతురు పోతుంది. ఆ ఫొటోలు నాకు అంతగా నచ్చడం లేదు. అయినా అవే తీస్తున్నాను.