వైద్యుని చెవిని వేసిన మాట

రోగి వైద్యుని యెదుట పలుకు పలుకులు తక్కిన సంభాషణముల వంటివి కావు. తల్లికిని భార్యకును చెప్పజాలనిదానిని మనుష్యుడచ్చట చెప్పును. చెప్పకున్న చికిత్స కుదురదు గనుక చెప్పును. అట్టి పలుకులను, పరులకు మేలు కలుగుననియే యనుకొందము, రోగి నడుగకయే వాడుకొనవచ్చునా?

ఇంగ్లండులో ప్రజలు సాధారణముగా తమ పేటలోని వైద్యుని యొద్ద పేరు నమోదు చేయించుకొందురు. దగ్గు మొదలు మనోవ్యాధి వఱకు సర్వమును ఆ వైద్యుని కంప్యూటరులో చేరును. 1987 మొదలు అక్కడ ఇట్టి వృత్తాంతములను పేర్లు తొలగించి పరిశోధనకై కూర్చుచున్నారు. దీని మేలు స్వల్పము కాదు. 1998లో పండ్రెండుగురు బిడ్డలను మాత్రమే చూపిన యొక వ్యాసము, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేయు టీకావలన ఆటిజము కలుగునేమో యను శంకను లేపెను. తల్లులు భయపడిరి. 2004లో పై భాండాగారమునుండి 1,294 మంది రోగుల వృత్తాంతములను 4,469 మంది యితరుల వృత్తాంతములతో పోల్చి చూడగా నట్టి సంబంధమేమియు కానరాలేదు. ఆ బిడ్డలెవరో మన మెఱుగము. వారి ఋణము మాత్రము మన మీద నున్నది.

అయినను, దేశమందలి వృత్తాంతములన్నిటిని ఒక్కచోట చేర్ప ప్రభుత్వమువారు పూనుకొని, 2014 జనవరిలో ఇంటింటికి కరపత్రములు పంపగా, పెక్కురు తాము వానిని చూచినట్లే జ్ఞాపకము లేదనిరి. ఆ యత్నము వచ్చిన నెలలోనే ఆగి, 2016లో విడువబడెను. 2021లో మరల పూనిరి. పది లక్షలకు మించిన జనులు మా వివరములను ఇయ్యమనిరి. అదియు నిలిచిపోయెను.

పరుల రోగములవలన తెలిసిన మందును మ్రింగుచు తన వృత్తాంతమును దాచుకొనువాడు స్వార్థపరుడని నేనును మొదట తలచితిని. కాని నా వృత్తిలోని యొక సంగతి నన్ను ఆపినది. ఒక బాలుడు తాను బడికి రాని కారణమును నా చెవిని వేసెను. అట్టి బాలురకు జీతము మాఫీ చేయింపవలెనని, పేరు చెప్పకయే, తోడి యుపాధ్యాయుల యెదుట దానిని చెప్పితిని. తండ్రి వృత్తియు ఊరును విన్నంతనే వారు బాలు డెవరో గుర్తించిరి. జీతము మాఫీ అయ్యెను. బాలుడు మాత్రము మరల నాతో నేమియు చెప్పలేదు.

కంప్యూటరులోని వృత్తాంతమునకును ఇంతియే. జన్మదినము, ఊరు, కాన్పు తేది: ఇవి చాలు, ఎఱిగినవాడు గుర్తుపట్టుటకు. ఇక భయపడినవాడు వైద్యునితో సగమే చెప్పును. అప్పుడు చికిత్సయు చెడును, పరిశోధనయు చెడును. పేదలును అవమానభీతులును తప్పుకొన్నచో, వారి రోగములే శాస్త్రమునకు కనబడకపోవును.

2020లో ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమువారును తదితరులును కోవిడు పరిశోధనకై «ఓపెన్‌సేఫ్‌లీ» యను వేఱొక త్రోవ త్రొక్కిరి. వృత్తాంతములు ఉన్నచోటనే యుండును. పరిశోధకుని ప్రశ్నయే అచ్చటికి పోయి జవాబు తెచ్చును. ఎవరేమి యడిగిరో లోకమెల్ల చూడవచ్చును. కోటి డెబ్బది లక్షలకు పైబడిన పెద్దల వృత్తాంతములను ఇట్లు శోధించి, ముసలితనము, పేదఱికము, మధుమేహము మరణభయమును హెచ్చించుచున్నవని కనుగొనిరి. ఇది నాకు నచ్చినది. అయినను రోగిని అడుగుట ఇందును లేదు. ఎవరు చూతురు, ఏల చూతురు, వలదన్నచో ఎవరితో చెప్పవలెను అను మూడు మాటలు వైద్యుడు తన నోట చెప్పుటకు ఎంతసేపు పట్టును? నన్నట్లు అడిగినచో నా వృత్తాంతమును సంతోషముతో ఇత్తును.