మనవడి సంరక్షణ



హజ్రత్ ఉమర్ (రజి) తమ అన్సారీ భార్య నుండి విడిపోయిన తర్వాత ఒకసారి ఖుబా వెళ్ళారు. మస్జిద్ ఆవరణలో ఆడుకుంటున్న తమ కుమారుడు ఆసిమ్‌ను చెయ్యిపట్టి వాహనంపై కూర్చోబెట్టుకున్నారు. పిల్లవాడి అమ్మమ్మ వచ్చి అడ్డుపడింది. బిడ్డ నాదంటే నాదని ఇద్దరూ వాదించుకున్నారు. వ్యవహారం ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) దగ్గరకు వెళ్ళింది. బిడ్డను ఆమె దగ్గరే వదిలేయమని ఆయన తీర్పిచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) మారు మాట్లాడలేదు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) దీన్ని 'మువత్తా'లో ఉల్లేఖించారు.

తండ్రి, అందులోనూ ఉమర్ అంతటివారు, ఒక వృద్ధురాలి హక్కు ముందు తలవంచారు. మరి మన ఇళ్ళలో? ప్రమాదంలో తల్లీదండ్రీ పోయిన పసివాడు నష్టపరిహారం మంజూరయ్యేదాకా ఎవరికీ గుర్తురాడు. మంజూరైన మర్నాడు ఇరువైపులవారికీ ముద్దొస్తాడు. చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

షరీఅత్ ఇక్కడ రెండు బాధ్యతలను వేరుచేసింది. హనఫీ ఫిఖహ్ ప్రకారం పెంపకం (హిజానత్) హక్కు తల్లి తర్వాత అమ్మమ్మది, ఆమె తర్వాత నాయనమ్మది. మగపిల్లవాడికి ఏడేళ్ళు నిండేవరకు, ఆడపిల్ల యుక్తవయస్సుకు వచ్చేవరకు ఇది ఉంటుంది. ఆస్తిపై అధికారం (విలాయత్) తండ్రిది, తర్వాత ఆయన వసీయతు ద్వారా నియమించిన వ్యక్తిది, ఆ తర్వాత దాదాది. అంటే ఒడిలో పెంచినంత మాత్రాన అమ్మమ్మకు సొమ్ముపై అధికారం రాదు. సొమ్ము చూసుకుంటున్నానని దాదా ఆ ఒడిలోంచి బిడ్డను లాక్కోరాదు.

అమ్మమ్మగానీ నానాగానీ చట్టబద్ధ సంరక్షకులు కావాలంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం క్రింద బిడ్డ నివసించే ప్రాంతపు ఫ్యామిలీ కోర్టులో, అది లేనిచోట జిల్లా కోర్టులో దరఖాస్తు చేసుకోవాలి. కోర్టు బిడ్డకు వర్తించే ధర్మశాస్త్రాన్నీ చూస్తుంది, బిడ్డ మేలునూ చూస్తుంది. మనవడి కోసం కోర్టు మెట్లెక్కడం నామోషీ అనుకోకండి. కోర్టు నియమించిన సంరక్షకుడు దాని అనుమతి లేనిదే పిల్లవాడి ఇల్లూ పొలమూ అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. అనాథ సొమ్ముకు ఇది కంచె. సంరక్షకుడు కలిగినవాడైతే ఆ సొమ్ముకు దూరంగా ఉండాలనీ, పేదవాడైతే ధర్మసమ్మతంగా మాత్రమే వాడుకోవాలనీ, తిరిగి అప్పగించేటప్పుడు సాక్షుల్ని పెట్టుకోవాలనీ నిసా సూరా 6వ ఆయతు ఆదేశిస్తోంది.

దాదాలకు మరో మాట. మీకు వేరే కుమారుడు బ్రతికి ఉంటే, ముందే చనిపోయిన కుమారుని పిల్లలకు మీ ఆస్తిలో వారసత్వపు వాటా రాదు. అయితే మూడోవంతు మించకుండా వారికి వసీయతు చేసే వీలు షరీఅత్ మీకిచ్చింది. రేపు చూద్దాం అనకుండా ఇద్దరు సాక్షుల ఎదుట రాయించండి. ఒక ప్రతి ఆ బిడ్డను పెంచుతున్న అమ్మమ్మ చేతికివ్వండి.