అడుగుటయు లెక్క చెప్పుటయు

పఠనభాగములు: నెహెమ్యా 2:1-9, ఎజ్రా 8:21-34, 2 కొరింథీ 8:16-24

షూషను కోటలో రాజునకు ద్రాక్షారసమందించు నెహెమ్యా ముఖము ఆ దినమున చిన్నబోయి యుండెను. యెరూషలేము ప్రాకారము కూలినదనియు, దాని గుమ్మములు అగ్నిచేత కాల్చబడినవనియు అతడు కిస్లేవు మాసమున వినెను. రాజుతో మాటలాడినది నీసాను మాసమున. నడుమ సుమారు నాలుగు నెలలు గడచినవి. నీ మనవి యేమని రాజు అడిగినప్పుడు అతడు పరలోకమందలి దేవునికి ప్రార్థించి, వెంటనే బదులు చెప్పెను. ఆ బదులులో తడబాటు లేదు. ఎంతకాలము పట్టునో చెప్పెను. నది యవతలి అధికారులకు తాకీదులు కావలెననెను. రాజుగారి అడవిని కాయు ఆసాపునకు ఒక తాకీదు కావలెననెను. ఆ మ్రానులు కోట గుమ్మములకని, పట్టణపు గోడకని, తాను నివసించు ఇంటికని వేరువేరుగా వివరించెను. నేటి మాటలలో చెప్పవలెనన్న, నెహెమ్యా చేసినది గ్రాంటు దరఖాస్తు.

ఈ దినములలో అట్టి మనవి వ్రాయుటకు కూర్చుండువారు రాజాస్థానములలో ఉండరు. మందిరపు వరండాలో సాయంకాలపు బడి నడుపువారు, విధవరాండ్రకు కుట్టుపని నేర్పు స్త్రీల సమాజము, మంచముపట్టిన వృద్ధుల యొద్దకు వెళ్లు యువజనులు, ఇట్టి చిన్న బృందములవారు రాత్రివేళ దీపము క్రింద దరఖాస్తు కాగితములను ముందుంచుకొని కూర్చుందురు. వారిలో ఒకరి మనస్సును ఒక ప్రశ్న బాధించును: దేవుని పనికి మనుష్యులను చేయి చాచి అడుగుట తగునా? మరియొకరి మనస్సును వేరొక ప్రశ్న బాధించును: వారికి నచ్చునట్లు వ్రాయనియెడల డబ్బు వచ్చునా? మొదటి ప్రశ్న భక్తిగలదిగా కనబడును. రెండవది లౌకికముగా కనబడును. అయితే ఆత్మకు ఎక్కువ అపాయము రెండవదానిలోనే దాగియున్నది.

1. అడుగుట అవిశ్వాసమా?

నెహెమ్యాకు ముందు అదే దారిని నడచిన ఎజ్రా, మార్గమందు శత్రువులనుండి కాపాడుటకు రౌతులను పంపుమని రాజును అడుగుటకు సిగ్గుపడెను. తమ దేవుడు తన్ను వెదకువారిని కాపాడునని అతడు అప్పటికే రాజునెదుట చెప్పియుండెను. కాబట్టి ఉపవాసముండి ప్రార్థించి, సైన్యము లేకయే బయలుదేరెను. నెహెమ్యాయో, రాజు పంపిన సేనాధిపతులతోను రౌతులతోను ప్రయాణము చేసెను. ఇద్దరును దేవుని హస్తము తమకు తోడైయుండెనని ఒప్పుకొనిరి. ఒకని విశ్వాసము గొప్పదనియు, రెండవవానిది కొదువదనియు లేఖనము తీర్పు చెప్పలేదు. పైగా రౌతులను అడుగని ఎజ్రాయే రాజిచ్చిన వెండి బంగారములను దేవుని ఆలయము నిమిత్తము పుచ్చుకొనెను.

సంఘచరిత్రలోను ఈ రెండు మార్గములు కనబడును. ఇంగ్లాండులోని బ్రిస్టల్ నగరమున 1836లో అనాథాశ్రమమును తెరచిన జార్జి ముల్లర్, కొదువ కలిగినప్పుడు దానిని మనుష్యులకు తెలుపక దేవునికి మాత్రమే విన్నవించెను. అతని బావమరది ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహముతో అదే 1836లో తెలుగుదేశమునకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను సువార్తికులు, జీతము పూచీపడు మిషనరీ సొసైటీ యేదియు వెనుక లేకయే, గోదావరి తీరమున పని ఆరంభించిరి. ఆ మార్గము పూజ్యమైనది. అయితే అది అందరికిని విధింపబడిన ధర్మశాస్త్రము కాదు. మరియొక సంగతి మరువరాదు: అడుగనని నిశ్చయించుకొనిన ముల్లర్, తనకు వచ్చినదానిని, ఖర్చైనదానిని చూపు నివేదికలను ఏటేట అచ్చువేయించెను. అడిగినవాడును అడుగనివాడును లెక్క చెప్పుటలో ఒక్కటే. కావున ఆలోచింపవలసినది అడుగవచ్చునా అనునది కాదు; అడుగుచున్నప్పుడు ఏమని పలుకుచున్నాము అనునది.

2. దరఖాస్తులోని సత్యము

ఒక ఉదాహరణమును ఊహించుకొనవచ్చును. ఒక పేటలో సాయంకాలపు బడి నడచుచున్నది. పిల్లలు ముప్పదినలుగురు. ఇంటర్మీడియెట్ చదివిన ఒక యువతి వారికి చదువు చెప్పుచున్నది. ఆమెకు నెలకు నాలుగు వేల రూపాయలిచ్చుటయే కార్యవర్గమునకు కష్టముగా ఉన్నది. ఇంతలో ఒక కంపెనీవారు ఈ సంవత్సరము కంప్యూటరు శిక్షణకు మాత్రమే ధనమిత్తురని తెలిసినది. నూరుగురికి తక్కువైన దరఖాస్తును వారు చూడరనియు తెలిసినది. అనుభవజ్ఞుడొకడు వచ్చి, “నూటపదిమంది అని వ్రాయుడి, బడి అని వ్రాయక శిక్షణ కేంద్రమని వ్రాయుడి, పిల్లలను చినిగిన బట్టలతో నిలువబెట్టి ఫోటో తీయుడి, అందరును చేయుచున్నదే” అని సలహా ఇచ్చును.

ఈ సలహాలో మూడు వేరువేరు అబద్ధములున్నవి. మొదటిది సంఖ్యలో అబద్ధము. రెండవది ఉద్దేశములో అబద్ధము. ఏలయనగా ఆ పిల్లలకు ఇప్పుడు కావలసినది చదువను వ్రాయను నేర్పు ఉపాధ్యాయిని, యంత్రము కాదు. మూడవది పేదవాని ముఖమునుగూర్చిన అబద్ధము. ఆదివారమున తలదువ్వి, ఉతికిన చొక్కా తొడిగి బిడ్డను పంపు తల్లి గౌరవమును ఆ ఫోటో దొంగిలించును. మొదటి రెండు అబద్ధములు దాతకు విరోధమైనవి. మూడవది ఎవరి పేరట ధనము అడుగుచున్నారో వారికే విరోధమైనది. అన్నింటిలో ఇదియే భారమైనది.

ఇక్కడ సుళువైన జవాబు చెప్పుట న్యాయము కాదు. నిజము వ్రాసిన దరఖాస్తు త్రోసివేయబడవచ్చును. అప్పుడు ఆ యువతి జీతము ఆగిపోవును, బడి మూతబడును. నష్టపోవువారు కార్యవర్గమువారు కారు, పిల్లలు. చిన్న అబద్ధముతో ముప్పదినలుగురి చదువు నిలుచునప్పుడు ఆ అబద్ధము ప్రేమ కాదా అని మనస్సాక్షి అడుగును. ఈ ప్రశ్నను త్రోసివేయుట సులభము. దానికి సమాధానము చెప్పుట కష్టము.

సమాధానము ఇది: ఆ అబద్ధము ఒక్కనాటితో ముగియదు. నూటపదిమంది అని వ్రాసినవారు ఆరు నెలలకు నూటపదిమంది హాజరు చూపవలెను. రాని పిల్లలకు హాజరు వేయవలసినది ఆ ఉపాధ్యాయినియే. పరీక్షలో చూచి వ్రాయవద్దని పగలు పిల్లలకు చెప్పినది, రాత్రి దొంగ పట్టీ నింపును. తనిఖీకి మనుష్యులు వచ్చిన దినమున పక్క పేటలనుండి పిల్లలను తెచ్చి కూర్చుండబెట్టుదురు. తాము ఎందుకు కూర్చుండబెట్టబడిరో ఆ పిల్లలకు తెలియును. అక్షరములకంటె ముందు వారు నేర్చుకొను పాఠము అదియే. బడిని నిలుపుటకు చెప్పిన అబద్ధము బడియొక్క ఉద్దేశమునే తినివేయును.

అందుకే నెహెమ్యా ఆచరించిన క్రమము మేలైనది. అడుగుటకు ముందు నాలుగు నెలలు అతడు ప్రార్థనలో గడిపెను. రాజు అడిగినప్పుడు ఏ పని, ఎంత కాలము, ఏమి కావలెను అనువాటికి అతనియొద్ద బదులు సిద్ధముగా ఉండెను. అవసరమును ముందు కొలిచి, పిమ్మట దాతను వెదకవలెను. దాతను ముందు చూచి, అతనికి తగిన అవసరమును కల్పించుట తలక్రిందుల పని. ముప్పదినలుగురి బడికి సరిపడు దాత పెద్ద కంపెనీ కాకపోవచ్చును. ఊరిలోని రోటరీ క్లబ్బువారో, ఆ బడిలోనే చదివి ఉద్యోగములో చేరిన పూర్వవిద్యార్థులో కావచ్చును.

3. ఎవరియొద్ద పుచ్చుకొనవచ్చును?

సొదొమ రాజు సొత్తులో నూలుపోగైనను చెప్పులవారైనను అబ్రాము పుచ్చుకొనలేదు. అతనిని ధనవంతునిగా చేసినది తానేనని ఆ రాజు చెప్పుకొనకుండుటకే ఆలాగు చేసెను. అపొస్తలుడైన పౌలు కొరింథులో ఎవరిమీదను భారము మోపలేదు; అయితే ఫిలిప్పీయులు పంపినదానిని సంతోషముతో పుచ్చుకొనెను. ఒకే మనుష్యుడు ఒకచోట త్రోసిపుచ్చి, మరియొకచోట అంగీకరించుట చంచలత్వము కాదు. ఆ ధనము వెంట ఏమి వచ్చుచున్నదని అతడు చూచెను.

దాతకు లోపల గది ఇచ్చినయెడల ఏమగునో నెహెమ్యా గ్రంథపు చివరి అధ్యాయము చూపుచున్నది. యాజకుడైన ఎల్యాషీబు, తన బంధువైన టోబీయాకు దేవుని మందిరపు ఆవరణములో ఒక గొప్ప గదిని సిద్ధపరచెను. నైవేద్యములును, ధాన్య ద్రాక్షారస తైలముల దశమభాగములును పూర్వము ఉంచబడినది ఆ గదిలోనే. నెహెమ్యా తిరిగివచ్చి, టోబీయా సామగ్రిని బయట పారవేయించి, గదిని శుభ్రపరపించెను. నేటి సంస్థలలోను ఇది జరుగును. ధనమిచ్చినవాని బంధువునకు ఉద్యోగము, అతని పేరు గోడమీద, అతని ఇష్టము తీర్మానములో. ఇట్లు మెల్లమెల్లగా బీదల ధాన్యము ఉండవలసిన గది దాత సామగ్రితో నిండిపోవును.

ఇచ్చువాని చేతినుండి వచ్చు అపాయము ఒకటి. సేవకుని చేతిలోనే ఉన్న అపాయము వేరొకటి. 1876-78 కరవు కాలమున ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో రమారమి మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుగా తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అది ప్రభుత్వ ధనము. దానిని పుచ్చుకొనుటకు అతడు వెనుదీయలేదు. అయితే కరవు సాయము నడచినంతకాలము బాప్తిస్మములను నిలిపివేసెను. కూటికొరకు ఎవడును క్రైస్తవుడు కాకూడదని అతని తలంపు. సాయపు పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. చరిత్ర ఆ సంఖ్యను మరువలేదు. అంతకు ముందు వేచియున్న మాసములను అంతకంటె ఎక్కువగా జ్ఞాపకము చేసికొనవలెను. గంజి గిన్నె చేతనున్నవాడు ఎదుటివాని ఆకలిని వాడుకొనక నిలువగలుగుట గొప్ప నిగ్రహము.

4. త్రాసు

ఎజ్రా ప్రయాణమునకు ముందు పన్నెండుగురు యాజకులను ఏర్పరచి, వెండిని బంగారమును ఉపకరణములను తూచి వారికప్పగించెను. యెరూషలేము చేరిన నాలుగవ దినమున అవి మరల తూచబడెను. లెక్కయు తూనికయు వ్రాయబడెను. దేవునియందలి నమ్మికచేత సైన్యమును వద్దన్న మనుష్యుడు త్రాసును మాత్రము వద్దనలేదు. యాజకులు పరిశుద్ధులే, అయినను తూచి ఇచ్చెను, తూచి పుచ్చుకొనెను. పౌలును యెరూషలేములోని బీదలకొరకు చందా పోగుచేసినప్పుడు దానిని ఒంటరిగా మోసికొనిపోలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట నుంచుకొనెను. ప్రభువు దృష్టికి మాత్రమే కాక మనుష్యుల దృష్టికిని యోగ్యముగా ఉండవలెనని కోరెను.

నేటి భారతదేశమున ఈ త్రాసు చట్టముల రూపమున ఉన్నది. 1976లో వచ్చిన విదేశీ విరాళముల నియంత్రణ చట్టము స్థానమున 2010లో క్రొత్త చట్టము చేయబడినది. 2020లో వచ్చిన సవరణ, విదేశములనుండి ధనము పొందిన సంస్థ దానిని వేరొక సంస్థకు ఇచ్చుటను నిషేధించినది. పరిపాలన ఖర్చుల హద్దును నూటికి 50నుండి 20కి తగ్గించినది. అంతకు ముందు పెద్ద సంస్థలద్వారా పల్లెలకు చేరుచుండిన సాయము ఇట్లు అనేక చిన్న బృందములకు ఆగిపోయినది. మరియొక ప్రక్క 2013 కంపెనీల చట్టము, నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు గడచిన మూడు సంవత్సరముల సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజసేవకు ఖర్చుచేయవలెనని విధించినది. ఒక వాకిలి ఇరుకైనది, మరియొకటి తెరువబడినది. అయితే ఆ వాకిట నిలుచుటకు రిజిస్ట్రేషను, పాన్ కార్డు, ఆడిటు అయిన లెక్కలు, కార్యవర్గపు తీర్మానములు కావలెను.

భక్తిగల పెద్దలు కొందరు వీటిని విసుగుతో చూతురు; కోశాధికారి పనిని ఎవరికో ఒకరికి అంటగట్టుదురు. ఇది పొరపాటు. రసీదు ఇచ్చుట, వోచరు దాచుట, నగదు పుస్తకమును ఏ దినమునకు ఆ దినము వ్రాయుట పరిచర్యకు వెలుపలి పనులు కావు. ఏ విధవరాలి పేరట ధనము వచ్చినదో ఆమెకు ఆ లెక్క అడుగు హక్కు దాతకంటె ఎక్కువగా ఉన్నది. సంవత్సరాంతమున యుటిలైజేషన్ సర్టిఫికేటు దాతకు పంపిన దినముననే ఆ లెక్కను పేటవారి యెదుట తెలుగులో బిగ్గరగా చదువు సంఘము ధన్యమైనది.

ఇచ్చువారికిని ఒక మాట చెల్లును. కుట్టుమిషనుకు ధనమిచ్చి, దానిని నేర్పు స్త్రీకి జీతమియ్యక, లెక్కలు వ్రాయువానికి ఏమియు ఇయ్యక, సంపూర్ణమైన లెక్క కావలెననువారు ఇటుకలివ్వమని గడ్డి ఇయ్యని ఫరో అధికారులను పోలియుందురు. సత్యమును శిక్షించు దాత అబద్ధమును పెంచును.

5. సమాధానము రానప్పుడు

అనేక దరఖాస్తులకు జవాబే రాదు. అప్పుడు మాసిదోనియ సంఘములను తలంచుకొనవలెను. తామే నిరుపేదలైయుండియు ఆ చందాలో పాలు పొందుట తమకు కృపగా ఎంచి, అపొస్తలుని వేడుకొనిరి. మిజోరాంలోని క్రైస్తవ గృహములలో స్త్రీలు వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు వేరుగా తీసి సంఘమునకిచ్చు ఆచారము తరములుగా నడచుచున్నది. పిడికెడు బియ్యము గ్రాంటుకు బదులు కాదనుట నిజమే. కాని ఆ పిడికెడు తీసిన ఇల్లు ఆ పనిని తనదిగా ఎంచును. బయటి ధనము ఆగిన దినమున పని నిలుచునా లేదా అనునది అక్కడనే తేలును. ఇంటివారు ఏమియు ఇయ్యని పనికి బయటివారు ఇయ్యవలెనని కోరుట కూడ సంపూర్ణ సత్యము కాదు.

ముప్పదినలుగురు పిల్లల బడికి తిరిగి వెళ్లవచ్చును. కార్యవర్గమువారు ముప్పదినలుగురు అనియే వ్రాసిరనుకొనుడి. కంపెనీ కాదన్నదనుకొనుడి. ఆ యువతికి మూడు నెలలు సగము జీతమే దొరకినది. మిగిలిన సగము పది ఇండ్లు పంచుకొనినవి. ఇది విజయగాథ కాదు. మరుసటి సంవత్సరమున ఏమగునో ఎవరికిని తెలియదు. అయితే ఆ సాయంకాలము ఆమె హాజరుపట్టీ తెరచి పేర్లు పిలిచినప్పుడు, పిలువబడిన ప్రతి పేరునకు ఒక బిడ్డ లేచి నిలుచును. ఆ పట్టీని ఆమె ఎవరి యెదుటనైనను, దేవుని యెదుటనైనను, వెరవక తెరచి చూపగలదు. అడుగువారికి ప్రభువు మొదట ఇయ్యవలసిన వరము అట్టి పట్టీయే. దాని తరువాతనే మ్రానులు, తాకీదులు.